చావుకి కొంత చోటు

హాడాక్ మళ్లీ పోయింది.
ఈ వారంలో మూడోసారి.

అబర్డీన్ రేవు పక్క మా ఆఫీసులో
సర్వర్లన్నిటికీ చేపల పేర్లే.
సముద్రం అడుగున రాతిపొరల లెక్క తేల్చే
హెర్రింగ్, మాకెరెల్, హాడాక్.
హెర్రింగ్ పదేళ్లుగా తుమ్మనైనా తుమ్మలేదు.
హాడాక్ మాత్రం నడిరాత్రి కొయ్యబారిపోయి,
తిరిగి లేచాక ఏమీ ఎరగనట్టు
పాస్‌వర్డ్ అడుగుతుంది.

ఎందుకు పోయావే అంటే చెప్పదు.
చెప్పి పోవాలంటే
వినడానికి ఒకరుండాలి కదా.

దానికో ఏర్పాటుంది.
బూట్ అయ్యేటప్పుడే, ఇంకా ఏ ప్రోగ్రామూ కళ్లు తెరవకముందే,
మెమరీలో ఓ మూల గీత గీసి
ఇది నీది కాదని కెర్నల్‌కి చెప్పాలి.
అక్కడ రెండో కెర్నల్ పడుకుని ఉంటుంది,
మొదటిది చచ్చిన క్షణాన లేచి
మరణ వాంగ్మూలం రాసుకోడానికి.
అంతవరకూ దానికి వేరే పని లేదు.

ఆ చోటు నేను అడిగాను.
ఆర్నెల్ల కిందటే అడిగాను.
రెండువందల యాభైయారు మెగాబైట్లు.
డంపుల ఫోల్డర్ చూస్తే
క్రిస్మస్ నాటి యూనియన్ స్ట్రీట్‌లా ఖాళీ.

మూడున్నరకే చీకటిపడే డిసెంబరు.
హీటర్‌కి కాళ్లు ఆనించి
బూట్ లైన్ని అక్షరం అక్షరం చదివాను,
శుభలేఖలో తప్పులు వెతికే పెద్దమ్మలా.
దొరికింది.
ఇంగ్లీషులో రెండో ఈ ఉండాల్సిన చోట
ఏ కొట్టాను.
మనం పలికినట్టే, కెర్నల్ అని, రాసేశాను.

మనుషులైతే నవ్వి దిద్దేవాళ్లు.
ఇది తిట్టదు, దిద్దదు,
తెలియని మాటని పక్కనుంచి పోనిస్తుంది.
ఆర్నెల్లు ప్రతి బూట్‌లోనూ
నా మాట ఉంది, ఎవరికీ వినపడలేదు.

సరిచేశాను. రీబూట్.
ఈసారి విన్నది, ఒప్పుకోలేదు.
రిజర్వేషన్ కుదరదని లాగ్‌లో ఒక్క ముక్క.
నేను ఎత్తిరాసుకున్న పాత కాగితంలో
ఎవడో మహానుభావుడు
పదహారో మెగాబైటు దగ్గరే కావాలని
చిరునామాతో సహా పెట్టాడు.
అక్కడ అప్పటికే ఎవరో
కిటికీలోంచి కర్చీఫ్ వేసేశారు.

ఎంత కావాలో అడుగు, ఎక్కడో అడక్కు
అని నాకు నేనే చెప్పుకుని
చిరునామా చెరిపేశాను.
కుదిరింది.

స్టోరేజీ చూసే మొరాగ్
తగ్గిన మెమరీ అంకె చూసి
"ఎవరూ వాడని చోటుకి ఇంతా?" అంది.
టీ కలుపుతూ కాసేపయ్యాక తనే అంది:
"టోరీలో మా నాయనమ్మకి ఓ బిస్కెట్ డబ్బా ఉండేది.
బొగ్గు కొనలేని చలికాలంలో కూడా
అందులో నోట్లు ముట్టుకోలేదు.
పెట్టెకి, పాస్టర్‌కి,
మోసి వచ్చినవాళ్ల విస్కీకి."
కట్టెల ఖర్చు, అన్నాను తెలుగులో.
అర్థం అడగలేదు. తలూపింది.

ఇంకొక్కటి మిగిలింది.
ఏర్పాటు నిజమో కాదో తెలియాలంటే
బాగున్నదాన్ని చంపి చూడాలి.
అందుకు ఒక్క అక్షరం చాలు.
హాడాక్ మీద ఎవరి లెక్కా నడవడం లేదని
మూడుసార్లు చూశాను.
నాలుగోసారీ చూశాను.
బయట పడవల మీద సీగల్స్
ఎవరినో పేరు పెట్టి పిలుస్తున్నట్టు అరుస్తున్నాయి.
నొక్కాను.

తెర నల్లబడింది.
ఫ్యాన్లు ఊపిరి వదిలి, మళ్లీ ఎత్తుకున్నాయి.
మూలనుంచి చిన్న కెర్నల్ లేచింది.
నలభై శాతం. డెబ్భై.
తొంభైయెనిమిది దగ్గర
మొరాగ్ టీ చల్లారేదాకా ఆగింది.
తర్వాత, అయిపోయింది.

ఆపైన హాడాక్ పోలేదు.
పదకొండు వారాలు.
రాసుకునేవాడు వచ్చి మంచం పక్కన కూర్చోగానే
చెప్పాల్సింది మర్చిపోయినట్టుంది.

రోజూ పొద్దున్నే ఫోల్డర్ తెరుస్తాను.
ఒకటే ఫైలు,
నేను చంపిన రోజుది.